అంత్యక్రియలకి ముందే సిద్ధపడాలంటే ఏది ముందు తేల్చుకోవాలి, ఏది తర్వాత?

చిరుగాలి అడిగిన ప్రశ్న:

ఇంట్లో ఒక పెద్దావిడకి జబ్బు ముదిరిపోయింది. ఇక వారాలే అని డాక్టర్లు చెప్పేశారు. ఆవిడకి స్పృహ బాగానే ఉంది, తన తర్వాత ఏం చెయ్యాలో మాట్లాడటానికి వెనకాడటం లేదు. కళ్ళు ఇవ్వాలని, వీలైతే దేహాన్ని మెడికల్ కాలేజీకి అప్పగించాలని ఆవిడ కోరిక. కుటుంబంలో కొందరు దహనం అంటున్నారు, ఇద్దరు ముగ్గురు ఖననం అంటున్నారు. గుండెకి పేస్‌మేకర్ ఉంది. కూతురు వేరే దేశంలో ఉంది, బయల్దేరితే రావడానికి రెండు రోజులు పడుతుంది.

ముందు ఏవి తేల్చుకోవాలి? ఒక్కో పద్ధతిలో అసలు ఏం జరుగుతుంది? ఖర్చు విషయంలో మోసపోకుండా ఏం అడగాలి? ఓదార్పు మాటలు వద్దండీ, పని ఎలా జరుగుతుందో తెలిసినవాళ్ళు చెప్పండి.

వేకువ:

మీరు రాసినవాటిలో గడువు ఉన్నవి వేరు, లేనివి వేరు. దేహానికి గడువుంది. సంస్మరణ సభకి లేదు, నెల తర్వాత పెట్టుకున్నా ఇబ్బంది లేదు. రెండూ ఒకే రోజు జరిగి తీరాలనుకోవడం వల్లే చాలా ఇళ్ళలో హడావిడి పడి తప్పుడు నిర్ణయాలు తీసుకుంటారు. కూతురు దేహాన్ని చూడాలా, సభలో ఉంటే చాలా అన్నది ఇప్పుడే ఆ అమ్మాయినే అడగండి. మిగతా ప్లాన్ అంతా ఆ జవాబు మీద ఆధారపడుతుంది.

ఇవాళే చెయ్యాల్సింది ఒకటుంది. దేహం గురించి చివరి మాట ఎవరిదో ఆవిడ చేతే ఒక కాగితం మీద రాయించి, ఇద్దరు సాక్షులతో సంతకాలు పెట్టించండి. వీలునామాలో రాస్తే చాలదు. వీలునామా చాలాసార్లు అంత్యక్రియలు అయిపోయాకే తెరుస్తారు. పైగా పోయినవారి కోరిక చట్టప్రకారం అందరినీ కట్టిపడేస్తుందనుకోకండి. ఇంగ్లీషు న్యాయంలో 1882 నాటి విలియమ్స్ వర్సెస్ విలియమ్స్ తీర్పు నుంచీ అది కోరిక మాత్రమే, ఆజ్ఞ కాదు. దగ్గరి బంధువు అడ్డం తిరిగితే దేహదానం ఆగిపోవచ్చు. అందుకే కాదంటున్నవాళ్ళని కూర్చోబెట్టి, ఆవిడ నోటితోనే చెప్పించండి. కాగితం కన్నా అదే ఎక్కువ పనిచేస్తుంది.

రెండోది, ఇంట్లో పోతే ధృవీకరించే డాక్టర్ ఎవరు? రాత్రి రెండింటికైతే ఎవరికి ఫోన్ చెయ్యాలి? ఇది తేల్చకపోతే మిగతాదంతా కూలిపోతుంది. చాలాచోట్ల ఈమధ్య చూసిన డాక్టరే కారణం రాయాలి. అలాంటి డాక్టర్ లేకపోతే విషయం పోలీసులకో, మరణ విచారణాధికారికో వెళ్తుంది. పోస్ట్‌మార్టం తప్పకపోవచ్చు. పోస్ట్‌మార్టం అయిన దేహాన్ని మెడికల్ కాలేజీలు సాధారణంగా తీసుకోవు. ఒక్క డాక్టర్ విజిట్ తప్పిపోయినందుకు ఆవిడ కోరిక మొత్తం పోతుంది.

డాక్టర్ రాసిచ్చే మరణ కారణం కాగితం చేతికి వచ్చినప్పుడు నిలబడే చదవండి. మరణ కారణం దగ్గర 'గుండె ఆగిపోవడం' అని మాత్రమే ఉంటే వెనక్కి పంపే అవకాశం ఉంది. గుండె అందరికీ ఆగుతుంది, ఎందుకు ఆగిందో రాయాలి: అసలు జబ్బు, దాని వల్ల వచ్చింది, చివరికి జరిగింది. పేరు స్పెల్లింగ్, పుట్టిన తేదీ ఆవిడ గుర్తింపు కార్డులో ఉన్నట్టే ఉండాలి. ఒక్క అక్షరం తేడా ఉన్నా బ్యాంకు దగ్గరా ఇన్సూరెన్స్ దగ్గరా నెలలు తిరగాలి. రిజిస్టరైన మరణ ధృవీకరణ పత్రం అసలు కాపీలు పది దాకా మొదట్లోనే తీసుకోండి.

ఇక మొదటి గంటలు. కళ్ళు తీయడానికి గడువు సాధారణంగా ఆరు గంటలు. దేహాన్ని చల్లగా ఉంచితే కొన్ని నేత్రనిధులు (ఐ బ్యాంకులు) ఇంకొంత సేపయినా తీసుకుంటాయి, కానీ దాని మీద ఆధారపడకండి. ఫోన్ చేశాక వాళ్ళు వచ్చేలోగా చెయ్యాల్సినవి: రెప్పలు మూసి పైన తడి దూది పెట్టడం, తల కింద రెండు దిండ్లు పెట్టి ఆరంగుళాలు ఎత్తడం, ఫ్యాన్ ఆపేయడం. ఏసీ ఉంటే వేసుకోవచ్చు. ఫ్యాన్ గాలికి కార్నియా (కంటి ముందున్న పారదర్శక పొర) ఎండిపోతుంది, చాలామంది మర్చిపోయేది ఇదే. కళ్ళు తీసే పని అరగంటలోపే అయిపోతుంది, ముఖం చెదరదు. చిన్నగా రక్తం కారితే దూదితో అద్దాలి, రుద్దకూడదు.

దవడ రెండు నుంచి నాలుగు గంటల్లో బిగుసుకోవడం మొదలవుతుంది, పన్నెండు గంటలకి ఒళ్ళంతా బిగుస్తుంది. తర్వాత ఒకటి రెండు రోజుల్లో సడలుతుంది. గది వేడిగా ఉంటే ఇదంతా ఇంకా త్వరగా జరుగుతుంది. కట్టుడు పళ్ళుంటే మొదటి గంటలోనే పెట్టెయ్యండి, తర్వాత నోరు తెరుచుకోదు. చిన్న తువాలు గట్టిగా చుట్టి గడ్డం కింద పెడితే నోరు మూసుకునే ఉంటుంది, తలకి గుడ్డ బిగించి కట్టక్కర్లేదు. చేతులు కాళ్ళు తిన్నగా సర్దండి. ఉంగరాలు అప్పుడే తీసెయ్యండి, తర్వాత వేళ్ళు ఉబ్బుతాయి. నొప్పికి చర్మానికి అంటించే ఫెంటానిల్ మందు పట్టీలు వాడుతుంటే తీసి, జిగురు వైపు లోపలికి మడిచి, పిల్లలకి అందకుండా పెట్టండి. వాడేసిన పట్టీలో కూడా మందు మిగిలి ఉంటుంది.

నల్లరేగడి:

వేకువ గారు చెప్పినదానికి పేస్‌మేకర్ సంగతి కలుపుతున్నాను. ముందు అది పేస్‌మేకరా, గుండె లయ తప్పితే షాక్ ఇచ్చే ఐసీడీ అనే పరికరమా కనుక్కోండి. చూడటానికి రెండూ ఒకలాగే ఉంటాయి, కాలర్ బోన్ కింద చర్మంలో ఉబ్బెత్తుగా. ఐసీడీ అయితే ఆవిడ బతికుండగానే గుండె డాక్టర్‌ని అడిగి షాక్ భాగాన్ని ఆపించడం గురించి మాట్లాడండి. లేకపోతే చివరి ఘడియల్లో అది షాకులు కొడుతూ ఉండవచ్చు. ఆవిడకీ నరకం, పక్కన చెయ్యి పట్టుకుని కూర్చున్నవాళ్ళకీ నరకం. పోయాక దాన్ని తీసేవాళ్ళకి కూడా షాక్ తగిలే ప్రమాదం ఉంది, ఆపాకే కొయ్యాలి. దహనమైతే రెండిట్లో ఏదైనా తీసి తీరాలి. వేడికి బ్యాటరీ పేలుతుంది, ఫర్నేస్ లోపలి ఇటుక పగులుతుంది, పక్కనున్న మనిషికి దెబ్బ తగలొచ్చు. తీయడం కొద్ది నిమిషాల పనే. 'తీశాం' అని రాతపూర్వకంగా అడుగుతారు, అందుకే ఎవరు తీస్తారో ముందే మాట్లాడి పెట్టుకోండి.

ఇప్పుడు పద్ధతులు.

దేహదానం మొదటి ప్లాన్ అయితే రెండో ప్లాన్ సిద్ధంగా ఉండి తీరాలి. నమోదు చేయించుకున్నా, ఆ రోజు కాలేజీ కాదనవచ్చు. పోస్ట్‌మార్టం, హెచ్‌ఐవీ, హెపటైటిస్ బీ, సీ, టీబీ లాంటి అంటువ్యాధులు, బాగా ఎక్కువ బరువు, ఒళ్ళంతా పుళ్ళు, దేహం పాడవడం మొదలవడం, కళ్ళు కాక మిగతా అవయవాలు ఇచ్చేయడం, ఇవన్నీ కాదనడానికి మామూలు కారణాలు. ఒక్కోసారి వాళ్ళ దగ్గర చోటే ఉండదు. కళ్ళు ఇచ్చినా దేహాన్ని తీసుకుంటారు, ఆ రెండు కోరికలకీ పొంతన కుదురుతుంది. పొంతన కుదరనిది కూతురి రెండు రోజుల ప్రయాణం. కాలేజీలు దేహం త్వరగా, చాలాచోట్ల ఒకటి రెండు రోజుల్లోనే రావాలంటాయి. అందుకే ఇప్పుడే ఫోన్ చేసి మూడు ప్రశ్నలు అడగండి: దేహాన్ని మీ మార్చురీలో పెట్టి, మీ రసాయనాలు ఎక్కించకముందు కూతురికి చూపిస్తారా? సెలవు రోజు, రాత్రిపూట తీసుకుంటారా? చదువు అయిపోయాక అస్థికలు తిరిగిస్తారా? మూడోదానికి ఒక్కోచోట ఒక్కో జవాబు వస్తుంది. ఇచ్చేచోట కూడా కొన్ని నెలల నుంచి రెండు మూడేళ్ళు పట్టవచ్చు.

దహనం. గ్యాస్ లేదా కరెంటు ఫర్నేస్‌లో సుమారు 760 నుంచి 1000 డిగ్రీల సెల్సియస్ వేడి, గంటన్నర నుంచి మూడు గంటలు. పొగని రెండో అరలో మళ్ళీ కాలుస్తారు. చివరికి మిగిలేది మనం అనుకునే బూడిద కాదు, ఎముక ముక్కలు. వాటిలోంచి తుంటి కీలు, స్క్రూలు లాంటి లోహాన్ని అయస్కాంతంతో, చేత్తో ఏరేసి, మిగతాది యంత్రంలో పొడి చేస్తారు. పొడి వద్దు, ముక్కలుగానే కావాలంటే ముందే చెప్పాలి. పెట్టెలో పెట్టకూడనివి: ఫోన్, వాచీ, వినికిడి మిషన్ లాంటి బ్యాటరీ ఉన్నవేవైనా, గాజు సీసాలు, రబ్బరు చెప్పులు, ప్లాస్టిక్ పూలు. దహనం వెనక్కి తీసుకోలేనిది, అందుకే చాలా దేశాల్లో ఖననం కన్నా ఎక్కువ అనుమతులు అడుగుతారు. వారసత్వ తగాదా వచ్చే సూచన ఉంటే డీఎన్‌ఏ నమూనా ముందే తీసి పెట్టుకోవాలి, ఆ పొడిలోంచి పనికొచ్చే డీఎన్‌ఏ దొరుకుతుందని ఆశ పెట్టుకోకూడదు.

ఖననంలో ఎక్కువ పొరపాట్లు జరిగేది కొలతల దగ్గర. గొయ్యి తవ్వేవాళ్ళకి శవపేటిక బయటి కొలత చెప్పాలి, పిడులతో కలిపి. లోపలి కొలత చెప్తే పేటిక అంచుల్లో ఇరుక్కుంటుంది, అందరూ చూస్తుండగా మళ్ళీ తవ్వాలి. ఆ దృశ్యం ఎవరికీ వద్దు. తర్వాత ఇంకొకరిని అదే చోట పెట్టాలనుకుంటే మొదటి గొయ్యే లోతుగా, ఏడెనిమిది అడుగులు తవ్వించాలి. పూడ్చిన మట్టి ఆరు నెలల నుంచి ఏడాది దాకా కుంగుతూనే ఉంటుంది. అందుకే మొదట్లో మట్టి పైకి దిబ్బగా పోస్తారు. రాతి ఫలకం వెంటనే నాటితే ఒక పక్కకి ఒరుగుతుంది, ఏడాది ఆగండి. ఇంకో మాట, స్థలం శాశ్వతమా, గడువు మీదా అన్నది అడగాలి. జర్మనీ లాంటి చోట్ల 20, 30 ఏళ్ళకి ఇస్తారు, తర్వాత పొడిగించుకోకపోతే ఆ చోటు వేరేవాళ్ళకి పోతుంది.

సహజ ఖననం అని ఇంకొకటుంది. ఎంబామింగ్ (దేహం పాడవకుండా రసాయనాలు ఎక్కించడం) లేదు, కాంక్రీటు గది లేదు, నూలు గుడ్డ లేదా రంగు, పాలిష్ లేని చెక్క పేటిక. మూడు నాలుగు అడుగుల లోతే తవ్వుతారు, ఎందుకంటే గాలి ఆడే మట్టి, అందులో పనిచేసే సూక్ష్మజీవులు ఆ పైభాగంలోనే ఉంటాయి.

కొత్త పద్ధతులు రెండు, అనుమతి ఉన్నచోటే. నీటి దహనంలో పొటాషియం హైడ్రాక్సైడ్ కలిపిన నీళ్ళలో ఒత్తిడి లేకుండా 95 డిగ్రీల దగ్గర పద్నాలుగు గంటల పైన, ఒత్తిడితో 150 దగ్గర నాలుగు నుంచి ఆరు గంటలు ఉంచుతారు. ఎముక తెల్లగా, మెత్తగా మిగులుతుంది, పేస్‌మేకర్ తీయనక్కర్లేదు. 2021 చివర్లో కన్నుమూసిన దక్షిణాఫ్రికా ఆర్చ్‌బిషప్ డెస్మండ్ టూటూ ఇదే కోరుకున్నారు, అలాగే చేశారు. రెండోది దేహాన్ని చెక్క పొట్టు, గడ్డి మధ్య ఉంచి మట్టిగా మార్చడం. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రం 2019లో మొదట చట్టం చేసింది.

చిరుగాలి:

ఇద్దరికీ చాలా థాంక్స్ అండీ. ఐసీడీ సంగతి అసలు తట్టనే లేదు, రేపే అడుగుతాం. ఇంకో సందేహం. కాలేజీ కాదంటే కూతురు వచ్చేదాకా రెండు రోజులు ఎలా ఉంచాలి? ఎంబామింగ్ తప్పనిసరి అని ఒకరు గట్టిగా చెప్తున్నారు.

మంచుపొద్దు:

రెండు రోజులకి చలి చాలు. మార్చురీలో 2 నుంచి 4 డిగ్రీల దగ్గర ఉంచితే అంతకన్నా ఎక్కువ రోజులే ఆగుతుంది. ఎంబామింగ్ తప్పదనేది ఎక్కువగా విమానంలో వేరే దేశం పంపేటప్పుడు, లేదా చాలా రోజులు అందరి దర్శనానికి ఉంచేటప్పుడు. తొందరపడి చేయించారంటే దేహదానం, సహజ ఖననం రెండు దారులూ చాలాచోట్ల మూసుకుపోయినట్టే. అందుకే కాలేజీ జవాబు రాకముందు దానికి సంతకం పెట్టకండి.

ఎంబామింగ్ అంటే మెడ దగ్గరో తొడ దగ్గరో ధమని తెరిచి ఫార్మాల్డిహైడ్ కలిపిన ద్రవం ఎక్కించి, సిర లోంచి రక్తం బయటికి పంపడం. డెబ్భై కిలోల మనిషికి పది పన్నెండు లీటర్లు పడుతుంది. రెండు మూడు గంటల పని. పోస్ట్‌మార్టం అయ్యుంటే లోపలి రక్తనాళాలు తెగి ఉంటాయి, చేతులకి, కాళ్ళకి, తలకి విడివిడిగా ఎక్కించాలి, సమయం ఎక్కువ పడుతుంది. శాశ్వతంగా నిలబెట్టేదేం కాదు, పాడవడాన్ని వెనక్కి నెడుతుంది అంతే.

ఇంట్లోనే ఉంచుకోవాలంటే, అనుమతి ఉంటే, చల్లదనం ముందు పొట్ట మీద పడాలి. పాడవడం పేగుల దగ్గర మొదలవుతుంది. పొట్ట మీద, నడుం కింద, భుజాల కింద జెల్ ప్యాక్‌లు పెట్టి, నాలుగైదు గంటలకోసారి మార్చండి. ఒకటి వాడుతుంటే ఇంకొకటి గడ్డకడుతూ ఉండాలి, అంటే రెండు జతలు కావాలి. ముఖం మీద ఏదీ పెట్టకండి, మచ్చ పడుతుంది. మామూలు ఐసు వాడితే నీళ్ళు కారకుండా మూసిన సంచుల్లోనే. పొడి మంచు (డ్రై ఐస్) అయితే గుడ్డలో చుట్టి పెట్టాలి, వట్టి చేత్తో ముట్టుకోకూడదు, కిటికీ తెరిచే ఉండాలి. అది కరగదు, కార్బన్ డయాక్సైడ్‌గా మారి నేలబారున పేరుకుంటుంది. మూసిన గదిలో రాత్రంతా పక్కన కూర్చున్నవాళ్ళకి ప్రాణం మీదికి వస్తుంది. కింద చాప వేసుకుని పడుకునేవాళ్ళుంటే పొడి మంచు అసలు వద్దు. ఫ్రీజర్ బాక్స్ దొరికితే సగం తిప్పలు తగ్గుతాయి, కానీ కరెంటు పోతే ఎంతసేపు ఆగుతుందో, జనరేటర్ ఎవరిదో ముందే అడగండి. మూత పదే పదే తెరిస్తే అద్దానికి నీరు పట్టి ముఖం కనపడదు. కూతురు వచ్చేదాకా మూసే ఉంచండి.

మోయడం సంగతి ఎవరూ రాయలేదు. దేహం డెబ్భై, పేటిక నలభై యాభై అనుకుంటే మొత్తం నూట ఇరవై కిలోలు. ఆరుగురు మోస్తే మనిషికి ఇరవై. ఒకే ఎత్తువాళ్ళని ఎదురెదురుగా పెట్టండి, లేకపోతే బరువంతా పొట్టివాళ్ళ మీద పడుతుంది. మెట్లు దిగేటప్పుడు కాళ్ళు ముందు. మెట్ల మలుపు దగ్గర పేటిక తిరుగుతుందో లేదో టేపుతో ఈ వారంలోనే కొలవండి. తిరగకపోతే దేహాన్ని స్ట్రెచర్ మీద కిందికి తెచ్చి అక్కడే పేటికలో పెట్టొచ్చు.

తూకంరాయి:

ఖర్చు గురించి. అంత్యక్రియలు చేయించే సంస్థకి ఫోన్ చేసి 'ప్యాకేజీ ఎంత' అని అడగకండి. విడివిడి ధరల కాగితం అడగండి: తీసుకెళ్ళడం, రోజుకి చలి గది, స్నానం చేయించి బట్టలు వెయ్యడం, పేటిక, వాహనం, దహనశాల లేదా స్మశానం రుసుము, కాగితాల పని. సంస్థ తనకోసం తీసుకునేది ఎంత, మన తరఫున బయట కట్టేది ఎంత అన్నది వేరు చేయించండి. ప్యాకేజీ మాటున రెండోది దాక్కుని, చివరి బిల్లులో ఊడిపడుతుంది. అమెరికాలో 1984 నుంచి అమల్లో ఉన్న ఫ్యూనరల్ రూల్ ప్రకారం విడి ధరల జాబితా ఇవ్వాలి, బయట కొన్న పేటిక తెచ్చినా కాదనకూడదు. బ్రిటన్‌లో 2021 నుంచి ధరలు అందరికీ కనపడేలా పెట్టాలి. మీరున్నచోట ఇలాంటి రూలు లేకపోయినా అడగడం మీ హక్కే. కాగితం మీద రాసివ్వనంటే ఆ సంస్థని వదిలేయండి.

రెండు మూడు చోట్ల ధరలు ఇప్పుడే తెలుసుకోండి, బాధలో ఉన్నప్పుడు బేరం నోట రాదు. ఫోన్ కుటుంబంలో కాస్త దూరపు మనిషి చేస్తే మంచిది. ముందే డబ్బు కట్టే స్కీముల్లో మాత్రం జాగ్రత్త: సంస్థ మూతపడితే డబ్బు ఎక్కడుంటుంది, వేరే ఊళ్ళో పోతే చెల్లుతుందా, దేహదానం కుదిరితే తిరిగిస్తారా అని అడగాలి. మీకు వారాలే ఉన్నాయంటున్నారు కాబట్టి స్కీము కట్టడం కన్నా ఆ డబ్బు ఇంకొకరి పేరు కూడా ఉన్న ఖాతాలో పెట్టుకోవడం మేలు. ఆవిడ ఒక్కరి పేరునే ఉన్న ఖాతాని బ్యాంకు స్తంభింపజేస్తుంది, సరిగ్గా డబ్బు కావాల్సిన వారంలోనే.

అందరికీ పంపే సమాచారంలో ఇంటి అడ్రసు, ఇల్లు ఖాళీగా ఉండే సమయం రెండూ కలిపి రాయకండి. దొంగలు అలాంటివి చదువుతారు. ఒకరిని ఇంటి దగ్గరే ఉంచండి.

నల్లరేగడి:

అస్థికల గురించి మర్చిపోయాను. దహనమైతే పెద్దవాళ్ళవి సాధారణంగా రెండు నుంచి మూడు కిలోలు. మూడున్నర లీటర్లు పట్టే పాత్ర చాలు, అందంగా ఉందని చిన్నది కొంటే సగం మిగిలిపోతుంది. కూతురు కొంత తీసుకెళ్తానంటే మొదట్లోనే దహనశాలలో చెప్పి రెండు పాత్రల్లో ఇప్పించండి. విమానంలో చేతి సామానుగా తీసుకెళ్ళేది చెక్కదో గట్టి అట్టదో కావాలి, లోహమైతే ఎక్స్‌రేలో లోపల ఏముందో కనపడదు, ఆపేస్తారు. దహన ధృవీకరణ పత్రం, మరణ పత్రం కాపీలు పాత్రతో పాటే ఉండాలి, చెక్-ఇన్ పెట్టెలో కాదు. దిగే దేశం రూల్స్ రాయబార కార్యాలయంలో కనుక్కోమనండి.

మొక్క నాటి దాని మొదలు దగ్గర అస్థికల పొడి పోస్తాం అనుకుంటే కుప్పగా పోయకండి. అది ఎక్కువగా కాల్షియం ఫాస్ఫేట్, ఉప్పు, క్షారం ఎక్కువ, వేరు మాడిపోతుంది. మట్టిలో పలచగా కలిపి, వేరుకి దూరంగా చల్లితే మొక్క బతుకుతుంది. నీళ్ళలో కలిపేటప్పుడు గాలి వీపు వైపు నుంచి వీచేలా నిలబడి, పాత్రని మోకాలి ఎత్తులో, నీటికి దగ్గరగా పెట్టి నెమ్మదిగా వంచాలి.